ఆ గదిలో మన కుర్చీ ఏది?

'జోకును జోకుగా తీసుకోవాలి' అని మన పిల్లలకు ఉపదేశించేవారి సంఖ్య ఈమధ్య పెరిగింది. కావలి నుంచి ఉద్యోగాల కోసం చెన్నైకో హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లిన మన యువతీయువకులు రంజాన్‌కు, బక్రీద్‌కు ఇళ్లకు వచ్చినప్పుడు చెప్పే కబుర్లలో ఈ ఉపదేశం తరచుగా వినిపిస్తున్నది. ఆఫీసు బయట ఎక్కడో టపాకాయ పేలితే అందరూ తన వైపు తిరిగి నవ్వుతారని ఒకరంటారు. జుమా నమాజుకు గంటసేపు అనుమతి అడిగితే, సరిహద్దు దాటి వెళ్లవద్దని పై అధికారి హాస్యమాడాడని మరొకరంటారు. వారు వీటిని ఫిర్యాదులుగా చెప్పడం లేదు. నవ్వుతూనే చెబుతున్నారు. అమ్మీ మాత్రం వంటింట్లోంచి ఆ మాటలు విని, పని ఆపి, వాకిలి దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

ఈ ఎగతాళికి ఇప్పుడు ఒక సమర్థన కూడా దొరికింది. అమెరికా టెలివిజన్‌లో వచ్చిన 'ది ఆఫీస్' అనే హాస్య ధారావాహికను సెల్‌ఫోన్లలో చూడని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అరుదు. అందులో 'డైవర్సిటీ డే' అనే భాగం ఒకటున్నది. పక్క కుర్చీలోని సహోద్యోగి మతం మీదా, యాస మీదా జోకు వేసి, ఎవరైనా ముఖం ముడుచుకుంటే ఆ భాగం పేరు చెప్పడం ఒక అలవాటుగా మారింది. లోకమంతా నవ్వింది, విమర్శకులంతా మెచ్చుకున్నారు, నొచ్చుకోవడానికి నువ్వెవరు అన్నది ఆ వాదన సారాంశం. మేము ఆ భాగాన్ని శ్రద్ధగా చూశాము. దానిని విమర్శకులు, ప్రేక్షకులు స్వీకరించిన తీరునూ పరిశీలించాము. ఆ భాగం మీద మాకున్న ఫిర్యాదు చిన్నది. దానికి లభించిన తీర్పు మీద ఉన్న ఫిర్యాదు మాత్రం పెద్దది.

చూడనివారి కోసం కథ చెప్పవలసి ఉన్నది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్క్రాంటన్ అనే చిన్న పట్టణం. అక్కడ కాగితం అమ్మే ఒక కంపెనీకి శాఖా కార్యాలయం. దాని మేనేజరు మైకేల్ స్కాట్. తనంతటి చమత్కారి లేడని అతని నమ్మకం. నల్లజాతి హాస్యనటుడు క్రిస్ రాక్ తన జాతి గురించి తాను చేసిన హాస్యాన్ని ఈ తెల్ల మేనేజరు సిబ్బంది ముందు అనుకరించాడు. ఫిర్యాదులు వెళ్లాయి. వైవిధ్యాన్ని గౌరవించడం నేర్పడానికి ప్రధాన కార్యాలయం ఒక శిక్షకుడిని పంపింది. ఆ శిక్షకుడు నల్లజాతీయుడు, పేరు బ్రౌన్. అది రంగు పేరు కాబట్టి ఇదేదో తన సంస్కారానికి పెట్టిన పరీక్ష అనుకుని మేనేజరు ఆయనను ఆ పేరుతో పిలవడానికే నిరాకరిస్తాడు. (పేరు వినగానే మనిషి ఎవరో నిర్ణయించుకునే మేనేజర్లను మనం పెన్సిల్వేనియాకు పోయి వెతకనక్కరలేదు.) ఆ శిక్షణ నచ్చక, తానే మరో శిక్షణ నడుపుతానని పూనుకుంటాడు. ఒక్కొక్కరి నుదుటికి ఒక్కొక్క జాతి పేరు రాసిన చీటీ అంటిస్తాడు. ఎదుటివారు ఆ జాతివారితో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడాలని, నుదుటి మీద ఏముందో చీటీ మోస్తున్నవారు కనిపెట్టాలని ఆట. మెక్సికో మూలాలున్న ఆస్కార్‌ను, మెక్సికన్ అనే మాటకు బదులు మరీ అంత అవమానం కానిది ఏదైనా ఉందా అని అడుగుతాడు. చివరకు భారతీయ మూలాలున్న కెల్లీ కపూర్ గదిలోకి రాగానే, మన దేశపు కిరాణా కొట్టువాడి యాసను అనుకరిస్తూ ఆమె ముఖం మీదనే కేకలు వేస్తాడు. ఆమె చెంప పగలగొట్టి వెళ్లిపోతుంది. మైనారిటీగా ఉండడమంటే ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలిసి వచ్చిందని అతడు చెంప తడుముకుంటూ మిగిలినవారికి వివరిస్తాడు.

నవ్వు వచ్చిందా అంటే వచ్చింది. ఆ చివరి మాట దగ్గర మేము బిగ్గరగానే నవ్వాము. తన దేశంలో, తన ఆఫీసులో ప్రతి దినమూ మైనారిటీగా బతుకుతున్న అమ్మాయికి ఆ బతుకేమిటో నేర్పానని గర్వపడే పెద్దమనిషిని మనం ఎరుగుదుము. మన ఊళ్లలో అతడు శాంతి కమిటీ సమావేశాలకు అధ్యక్షత వహిస్తుంటాడు.

ఈ భాగం 2005 మార్చి 29న ఎన్‌బీసీ ఛానెల్‌లో ప్రసారమైంది. ఐదు రోజుల ముందు వచ్చిన తొలి భాగాన్ని దాదాపు ఒక కోటీ 12 లక్షల మంది చూడగా, ఈ రెండవ భాగానికి ఆ సంఖ్య రమారమి 60 లక్షలకు పడిపోయింది. అంటే సగం మంది మొదటి వారంలోనే లేచి వెళ్లిపోయారు. విమర్శకుల దారి వేరు. తొలి భాగం బ్రిటిష్ మూలానికి నకలుగా ఉన్నదని పెదవి విరిచినవారిలో చాలామంది, ఈ రెండవ భాగంతో ధారావాహిక తన కాళ్ల మీద నిలబడిందని మెచ్చుకున్నారు. తరువాతి కాలంలో ప్రేక్షకులు కూడా ఈ తీర్పుకే వచ్చారు. మొదటి సీజన్‌లో మేటి భాగమేదంటే ఎక్కువ మంది దీనినే చెబుతారు. 2021లో కామెడీ సెంట్రల్ అనే ఛానెల్ తన పునఃప్రసారాల వరుసలో ఈ భాగాన్ని వదిలేసినట్లు వార్తలు రాగా, ఇంత మంచి వ్యంగ్యాన్ని దాచడమేమిటని అభిమానులు మండిపడ్డారు.

విమర్శకులు దీనిని సమర్థించిన పద్ధతి తెలివైనది, చాలావరకు న్యాయమైనది కూడా. నవ్వు నల్లవారి మీద కాదు, మెక్సికన్ల మీద కాదు, భారతీయుల మీద కాదు, ఇంగితం లేని ఆ మేనేజరు మీద అన్నారు. నిజమే. ఎగతాళికి గురైన ప్రతి ఒక్కరూ ఆ గదిలో ఉన్నారు. స్టాన్లీ అనే నల్లజాతి ఉద్యోగి విసుగుతో చూసే ఒక్క చూపు మేనేజరు ప్రసంగమంతటినీ కొట్టివేస్తుంది. ఆస్కార్ ముఖం చూసి ప్రేక్షకుడు సిగ్గుపడతాడు. కెల్లీ చెయ్యి చేసుకుంటుంది. ఆ పాత్ర ధరించిన మిండీ కేలింగ్ తండ్రి తమిళుడు, తల్లి బెంగాలీ. ఆమె ఆ ధారావాహిక రచయితలలో ఒకరు కూడా. అంటే కథ రాసే బల్ల దగ్గర సైతం ఆమెకు కుర్చీ ఉన్నది. జోకుకు జవాబు చెప్పగలవారు ఉన్నారు గనుకనే ఆ జోకు మేనేజరు నెత్తి మీదికే తిరిగి వచ్చింది.

ఇక్కడే మేము ఆగిన చోటు ఉన్నది. చీటీలు పంచిన తర్వాత ఆ మేనేజరు ఒక సంజాయిషీ ఇస్తాడు. అరబ్ అనే చీటీ ఎవరికీ అంటించలేదని, అది మరీ పేలుడు వ్యవహారమవుతుందని అనుకున్నానని, ఆ పదం కావాలని వాడింది కాదని అంటాడు. వారి వంతుకు ఇంకా సమయం రాలేదని, బహుశా వచ్చే ఏడాది చూద్దామని, ఇక ముందడుగు వేయవలసింది వారేనని కూడా అంటాడు.

న్యూయార్క్ జంట భవనాల మీద దాడి జరిగి నాలుగేళ్లు కాలేదు. ఇరాక్ మీద యుద్ధం నడుస్తున్నది. ఆ జోకూ మేనేజరు మూఢత్వం మీదనే అని విమర్శకులు అనవచ్చు. రచయిత ఉద్దేశం అదేనని మేమూ ఒప్పుకుంటాము. కానీ ఆ మాటకు విసుక్కునే స్టాన్లీ ఎక్కడ? ముఖం చిన్నబుచ్చుకునే ఆస్కార్ ఎక్కడ? చెంప పగలగొట్టే కెల్లీ ఎక్కడ? ఆ ఆఫీసులో అరబ్ లేడు, ముస్లిం లేడు. మిగిలిన ప్రతి జోకుకూ ఎదురుగా ఒక మనిషి ముఖం చూపిన కెమెరాకు, ఈ జోకు దగ్గర చూపడానికి ముఖం దొరకలేదు. ఆ మాట అలా గాలిలో తేలిపోయి, ప్రేక్షకుడి నవ్వులో కలిసిపోయింది. మేనేజరు ఇతర జాతులను అవమానించాడు. మనలను మాత్రం ఆటలోకే రానివ్వలేదు.

ఈ భాగాన్ని ఆకాశానికెత్తిన ప్రశంసలలో మేము చదివినంతలో ఈ ఖాళీ కుర్చీ ప్రస్తావన లేదు. ఎవరిని చూసి నవ్వుతున్నాం అన్న ప్రశ్న దగ్గర విమర్శ ఆగిపోయింది. జవాబు చెప్పడానికి ఎవరు లేరు అన్న రెండవ ప్రశ్న దాకా పోలేదు. సగం మంది ప్రేక్షకులు వెళ్లిపోయినది ఈ కారణం చేత అని మేము చెప్పబోవడం లేదు. మొదటి రోజు ఆసక్తి చల్లారింది, ప్రసారపు రోజు మారింది, అంతే కావచ్చు. అయితే లెక్కపెట్టే యంత్రానికి వెళ్లినవారి సంఖ్య తెలుస్తుంది గాని, ఎందుకు వెళ్లారో తెలియదు. టీఆర్పీని ప్రజాతీర్పుగా కొలిచేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రేక్షకుల ఆదరణే ప్రమాణమనేవారికి పాత ఉదాహరణ ఒకటి ఉన్నది. బ్రిటన్‌లో 1977లో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్'లో విదేశీయులంతా ఒక తరగతిలో ఇంగ్లీషు నేర్చుకుంటారు. అలీ నదీమ్ అనే పాకిస్తానీ ముస్లిం, రంజీత్ సింగ్ అనే సిక్కు అందులో ఉన్నారు. అందరికీ తలా ఒక యాస, తలా ఒక మూర్ఖత్వం. కోట్లాది మంది చూశారు. అంత ఆదరణ ఉన్నా, జాతులను అచ్చుపోసినట్లు చూపడం అవమానకరమని భావించి, ఆ ఛానెల్ అధికారి మైకేల్ గ్రేడ్ 1979లో దానిని ఆపించారు. అక్కడ అలీకి కుర్చీ ఉన్నది, కలం లేదు. కుర్చీ ఒక్కటే చాలదని దీనివల్ల మనం నేర్చుకోవాలి.

ఇక తెలుగింటికి వద్దాం. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమిని టీవీలో నడిచిన 'అమృతం' మన భాషలో పనిచేసే చోటు చుట్టూ అల్లిన హాస్యానికి గొప్ప నమూనా. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ ధారావాహికలో ఒక చిన్న హోటలు, ఇద్దరు మిత్రులు, సర్వం అనే పనివాడు, అద్దె కోసం పీడించే అప్పాజీ. ఆదివారం రాత్రి ఇషా నమాజు ముగించుకుని వచ్చి దానిని చూసిన ముస్లిం కుటుంబాలు కావలిలో తక్కువేమీ కాదు. ఆ హాస్యంలో విషం లేదు, అందుకే ఇప్పటికీ యూట్యూబ్‌లో వెతికి చూస్తున్నారు. దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ తర్వాత పాతికేళ్లలో తెలుగు టీవీ హాస్యం ఎంతో విస్తరించినా, ఆ హోటలులో గాని, దాని వారసులుగా వచ్చిన ఆఫీసులలో గాని, మన సలీం ఒక గుమాస్తాగా, మన షాహీన్ ఒక హెచ్చార్ ఉద్యోగినిగా ఎందుకు కుదురుకోలేదన్నదే మా ప్రశ్న. ముస్లిం వచ్చినప్పుడల్లా బిర్యానీ గరిటెతోనో, అత్తరు సీసాతోనో వస్తాడు. 'నీకీ', 'నాకీ' అంటూ విరిగిన తెలుగులో రెండు మాటలు చెప్పి వెళ్లిపోతాడు.

ఆ విరిగిన తెలుగు గురించి నెల్లూరు జిల్లావాసులుగా మేము రెండు మాటలు చెప్పక తప్పదు. ఇక్కడ దూదేకుల కుటుంబాలకు తెలుగే ఇంటి భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు కూడా బడిలో, బజారులో, జవహర్ భారతి కాలేజీ తరగతుల్లో పక్కవాడి తెలుగే మాట్లాడుతూ పెరిగారు. ఆ కాలేజీలో పాఠం చెప్పిన కేవీఆర్ వంటి వారి దగ్గర తెలుగు సాహిత్యం విన్నవారిలో మన పెద్దలూ ఉన్నారు. టీవీలోని ముస్లిం మాట్లాడే తెలుగును మా వీధుల్లో మేము వినలేదు. రాసేవాడు కూడా వినలేదు. మరో రచయిత పాత్ర నుంచి ఎత్తి రాశాడు.

ముస్లిం ఇంటి హాస్యం తెలుగువారికి పట్టదు, వ్యాపారం జరగదు అన్న వాదన ఒకటున్నది. దానికి జవాబు మా ఊరి నుంచే ఉన్నది. కావలిలో పెరిగిన మహమ్మద్ ఖదీర్‌బాబు 1990ల చివర 'దర్గామిట్ట కథలు' రాశారు. అమ్మానాన్నలు, నాయనమ్మ, అరకొర డబ్బు, బడి, పండుగ, వీటి చుట్టూ ఒక ముస్లిం పిల్లవాడు చెప్పిన కబుర్లకు తెలుగు పాఠకులు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వినవారిలో అత్యధికులు ముస్లిమేతరులే. ఆ ఇంటి పేదరికం మీద జోకులున్నాయి, ఆ ఇంటి గొడవల మీద జోకులున్నాయి. ఏ ముస్లిం కుటుంబమూ నొచ్చుకోలేదు. ఎందుకంటే చెప్పేవాడు ఆ చాప మీద కూర్చుని చెప్పాడు. పాఠకుడు ఆ రోజే తీర్పు ఇచ్చాడు. టీవీ పెద్దలు దానిని ఇంకా చదవలేదు.

ముస్లింలకు హాస్యం తెలియదన్న నిందకు జవాబు చెప్పడం కూడా మాకు కొంచెం చిన్నతనంగానే ఉన్నది. ముల్లా నస్రుద్దీన్ కథలు వినని బాల్యం ఎవరిది? హైదరాబాదులో 'జిందాదిలానె హైదరాబాద్' వంటి సంస్థ ఉర్దూ హాస్యానికే అంకితమై దశాబ్దాల తరబడి సభలు జరిపింది. హాస్య రచయిత ముజ్తబా హుస్సేన్‌కు 2007లో పద్మశ్రీ వచ్చింది. అంతెందుకు, తెలుగు హాస్య కార్యక్రమానికి అంతటి పేరు తెచ్చిన 'జబర్దస్త్' అన్న మాటే మన ఇళ్లలోంచి వెళ్లినది. మాటను తీసుకున్నారు, మనిషిని పిలవడం మరిచారు.

ఆ కార్యక్రమానికే సంబంధించి 2014లో జరిగినది మరచిపోరాదు. కల్లుగీత వృత్తివారిని కించపరిచే స్కిట్ చేశాడన్న ఆగ్రహంతో కొందరు ఒక నటుడిపై హైదరాబాదులో దాడి చేశారు. ఆ వర్గం బాధ నిజమైనదే కావచ్చు. ఆ దాడి మాత్రం సిగ్గుచేటు. దెబ్బలు తిన్నది స్కిట్‌ను ఆమోదించిన యాజమాన్యం కాదు, వేషం వేసిన కళాకారుడు. ఈ దారి మనకు ఎంతమాత్రమూ వద్దు. నిషేధపు దారి కూడా మనకు మేలు చేయలేదని మా అభిప్రాయం. 2013 జనవరిలో ముస్లిం సంఘాల అభ్యంతరాలపై తమిళనాడు ప్రభుత్వం 'విశ్వరూపం' చిత్రాన్ని ఆపింది. కొన్ని చోట్ల మాటలు వినపడకుండా చేసిన తరువాత ఫిబ్రవరిలో అది విడుదలైంది, విరగబడి ఆడింది. మన అభ్యంతరంలోని న్యాయం చర్చకే రాలేదు. ఓర్వలేనివారన్న పేరు మాత్రం మిగిలింది. కొందరు సోదరులకు ఈ మాట రుచించదని తెలిసే రాస్తున్నాము.

తెర మీది ఖాళీ కుర్చీకి మేము ఇంత ప్రాముఖ్యం ఇవ్వడానికి కారణం, ఆఫీసులోని ఖాళీ కుర్చీ. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చిననాటికి దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్ అధికారులలో 3 శాతం, రైల్వే ఉద్యోగులలో 4.5 శాతం. మన రాష్ట్రంలో 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్ వల్ల కొన్ని వేల ఇళ్లలో తొలి ఇంజనీరు, తొలి నర్సు, తొలి టీచరు తయారయ్యారు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె అందుకోవడానికి హిందూ ముస్లిం తేడా లేకుండా యువకులు నీళ్లలో నిలబడడం మనం చూస్తూనే ఉన్నాం. అలా సంపాదించిన కుర్చీలో కూర్చున్న పిల్లవాడు మొదటి వారంలోనే వినేది 'పేలుడు' జోకు. అతడు ఆ గదిలో ఒంటరి. అతని చుట్టూ ఉన్నవారు టీవీలో తప్ప ముస్లిం సహోద్యోగిని ఎన్నడూ చూసి ఉండరు. ఆ టీవీలో కూడా అతడు లేడు.

అతడు ఫిర్యాదు ఎవరికి చేయాలి? స్త్రీల మీద లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రతి పెద్ద కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలన్నది. మతం పేరిట జరిగే ఎగతాళికి అటువంటి ప్రత్యేక చట్టం ప్రైవేటు కార్యాలయాల కోసం లేదు. రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వోద్యోగానికి పరిమితం. మా దృష్టికి వచ్చిన ఒక ఉదంతంలో, చెన్నైలోని ఒక సంస్థలో పనిచేసే నెల్లూరు జిల్లా యువతి తన హిజాబ్ మీది హాస్యాన్ని పై అధికారికి విన్నవిస్తే, అందరితో కలిసిపోవడం నేర్చుకోవాలని ఆమెకే సలహా ఇచ్చారు. ఆ అధికారి ఆ మాటను ఎంతో దయతో చెప్పారట. మైకేల్ స్కాట్ కూడా దయగలవాడే.

కాబట్టి మేము కోరేది క్షమాపణ కాదు. తెలుగు ఛానెళ్లు, ఓటీటీ సంస్థలు తమ హాస్య రచన బృందాలలో ముస్లిం రచయితలకు చోటివ్వాలి. ఆఫీసు కథ రాస్తే అందులో మన పాత్ర ఒకటి జీతం తీసుకోవాలి, పొరపాట్లు చేయాలి, ఎదుటివారిని చూసి నవ్వాలి, తనను చూసి నవ్వితే జవాబు చెప్పాలి. మంచివాడిగానే చూపాలన్న షరతు మాకు లేదు. సోమరి అయినా ఫరవాలేదు, ఇఫ్తార్ పేరు చెప్పి మూడింటికే ఇంటికి పోయే టక్కరి అయినా ఫరవాలేదు. అటువంటివాడు ప్రతి మొహల్లాలో ఒకడున్నాడు, వాడిని చూసి మేమే ముందు నవ్వుతాము.

సమీక్షకులకు ఒక మాట. సినిమా విడుదలైన సాయంత్రానికే మార్కులు వేసే మన పత్రికలు టీవీ హాస్యాన్ని రేటింగులకు వదిలేశాయి. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని వారానికి ఒక్కసారైనా రాసేవారు కావాలి. ఇతరులు రాయకపోతే మనమే రాద్దాం. కాలేజీలో చదివే పిల్లలు ఒక నెలపాటు ఒక హాస్య కార్యక్రమాన్ని వరుసగా చూసి, ముస్లిం పాత్ర ఎన్నిసార్లు వచ్చింది, ఏ పని చేస్తూ వచ్చింది, ఏ తెలుగు మాట్లాడింది అని లెక్క రాసి పంపితే ఈ పత్రికలో ప్రచురిస్తాము.

అభ్యంతరం చెప్పవలసి వచ్చినప్పుడు మార్గాలున్నాయి. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కింద ఉన్న కార్యక్రమ నియమావళి మతాల మీద, వర్గాల మీద దాడి చేసే, మత సమూహాలను కించపరిచే ప్రసారాలను నిషేధిస్తున్నది. 2021 నిబంధనల ప్రకారం టీవీ ఛానెలుకైనా, ఓటీటీ సంస్థకైనా ఫిర్యాదులు స్వీకరించే అధికారి ఉండాలి, 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫిర్యాదులో కార్యక్రమం పేరు, ప్రసారమైన తేదీ, సమయం, అభ్యంతరకరమైన మాటలు ఉన్నవి ఉన్నట్లు రాయండి. కోపాన్ని పక్కన పెట్టి, ఆ సన్నివేశంలో మన మనిషి ఉన్నాడా, ఉంటే అతనికి జవాబు చెప్పే అవకాశం ఇచ్చారా అన్నది తప్పక రాయండి. నకలు ఒకటి మాకు పంపండి. 15 రోజులు గడిచాక వచ్చిన జవాబును, జవాబు రాకపోతే రాలేదన్న సంగతిని, ఛానెలు పేరుతో సహా ఇక్కడే అచ్చు వేస్తాము.